మా వెండి గోడ, అట్లప్ప కొట్టు మీద ఎండ

ఆ రోజుల్లో నాకు బిల్డింగంటే దాని మొహమే. లోపల గాలి ఆడుతుందా, మెట్లెక్కే మనిషికి మోకాళ్లు నొప్పెడతాయా, వాన నీళ్లు ఎటు పోతాయి లాంటి ప్రశ్నలు నా బుర్ర గుమ్మం దాకా కూడా వచ్చేవి కావు. ఇంజినీరింగ్ పాసై ఆరు నెలలైంది. శ్రీకాకుళంలో బిల్డింగులకి ఎలివేషన్లు, అంటే ముందు మొహాలు, గీసే ఒక చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. చేతిలో టేపు, భుజాన ల్యాప్‌టాప్ సంచీ, నెత్తిన నా తలకి రెండు సైజులు పెద్దదైన పసుపు హెల్మెట్ (అది పెట్టుకుని ఆటో ఎక్కేదాన్ని, అవసరం లేకపోయినా). సరిగ్గా ఆ సమయానికే మా జిల్లాలో బిల్డింగులన్నీ రేకు తొడుక్కోవడం మొదలుపెట్టాయి. నిన్నటిదాకా రంగు వేసుకుని బుద్ధిగా నిలబడిన ఆస్పత్రి ఒకరోజు పొద్దున చూస్తే అల్యూమినియం షీట్లు కప్పుకుని రాకెట్టులా ఉండేది. దాన్ని చూసి పక్క కాలేజీ, కాలేజీని చూసి నగల దుకాణం, దాన్ని చూసి ఆఖరికి సైకిళ్ల షాపు కూడా. ఎవరూ అడ్డుకునేవారు లేరు. నేనైతే ఆ ఊరేగింపుకి ముందు నడిచేదాన్ని.

మా అమ్మకి ఒక్కడే అన్నయ్య. కోటబొమ్మాళిలో ఆయనకి బట్టల దుకాణం. మా ఇంట్లో ఆయన్ని మెరుపుల మావయ్య అంటాం. చొక్కా గుండీలు మెరవాలి, చెప్పులు మెరవాలి, స్కూటరు అద్దాల చుట్టూ ఉండే రేకు మెరవాలి. అన్నం పెట్టే కంచం కూడా ఒకసారి తిప్పి చూసుకుని గానీ కూర్చోడు. పాత పెంకుల దుకాణం కొట్టేసి రెండంతస్తుల షోరూం కట్టించాడు. గోడలు లేచాయి, ముందు భాగం మిగిలింది. ఒకరోజు ఫోన్లో ఫోటో పట్టుకుని మా ఆఫీసుకే వచ్చేశాడు.

“ఇలాటిది కావాల,” అన్నాడు ఫోను మా సారు బల్ల మీద పెట్టి. “విశాఖపట్నంలో సూసినాను. బస్సులోంచి సూస్తేనే కళ్లు సెదిరిపోనాయి.”

మా సారు తక్కువ మాట్లాడతారు. ఫోటో చూసి, కళ్లజోడు తీసి, “కళ్లు చెదరడం అంత మంచిది కాదండీ. మెరుపు లేని షీట్లు తీసుకోండి. బూడిద రంగు బాగుంటుంది,” అన్నారు.

“బూడిద పూసుకోడానికి నానేటి సన్నాసినా?”

సారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. అక్కడితో ఆయన వాదన అయిపోయింది. నేనూ ఊరుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ నేను అప్పటికే రాత్రీ పగలూ విదేశాల బిల్డింగుల ఫోటోలు చూస్తున్నాను. ఇనుమూ అల్యూమినియమూ గుడ్డ ముక్కల్లా వంగి, మడతపడి, తిరిగిన గోడలు. మావయ్యది బట్టల షాపు. గోడ కూడా చీరలా ఉండకూడదా అనిపించింది. అప్పటికప్పుడు కాగితం మీద గీశాను: ముందు గోడ మొత్తం లోపలికి ఒక పెద్ద వంపు, పైనుంచి కింది దాకా అద్దంలా మెరిసే వెండి షీట్లు, కౌంటరు మీద చీర జారవిడిచినట్టు. మావయ్య ఆ కాగితం వంక చూసి, నా వంక చూసి, “మీయమ్మ ఏ నోము నోసిందో గాని,” అని కండువాతో కళ్లొత్తుకున్నాడు.

సారు కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. “మీ మావయ్య, మీ వంపు. మీరే చూసుకోండమ్మా,” అన్నారు. అది మెచ్చుకోలు అనుకుని మూడు రోజులు గాల్లో తేలాను.

షోరూం పడమర ముఖం. దాని ముందు పెద్ద రోడ్డు. రోడ్డుకి అవతల ఒక రేకుల షెడ్డులో టిఫిన్ కొట్టు ఉండేది. అది నడిపే ఆవిడని ఊరంతా అట్లప్ప అనేవారు (మా వైపు అక్కని అప్ప అంటాం, ఆవిడ అట్లు పోస్తుంది, అంతే). యాభై దాటిన మనిషి. మొగుడు పోయి చాలా ఏళ్లైంది, కూతురిని టెక్కలి ఇచ్చింది, ఒక్కతే ఉంటుంది. పొద్దున కొట్టు తీయదు. మధ్యాహ్నం మూడింటికి పొయ్యి వెలిగిస్తే ఏడింటికి పిండి అయిపోవాలి, కొట్టు మూసేయాలి. ఆ నాలుగు గంటలే ఆవిడ బతుకు. అట్లు, పునుగులు, అల్లం చట్నీ. రైలు దిగినవాళ్లు, బస్సు ఎక్కేవాళ్లు, పొలం నుంచి వచ్చేవాళ్లు, ఆఫీసు మూసిన గుమాస్తాలు అందరూ అక్కడ ఆగాల్సిందే.

షీట్ల పని జరిగిన రెండు నెలలూ ఆ కొట్టే నా ఆఫీసు. సైట్లో నీడ లేదు, కూర్చోడానికి ఇటుకల కుప్ప తప్ప ఏమీ లేదు. అట్లప్ప నన్ను చూసి ఒక ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. ఫోను ఛార్జింగు పెట్టుకోమంది. డ్రాయింగులు పరుచుకోడానికి బల్ల ఖాళీ చేసింది. ఆఖరికి నా చెప్పు తెగితే ఆవిడ చెప్పులేసుకుని నేను పరంజా ఎక్కాను. ఫ్రేముకి బిగించిన షీట్ల మీద ఇంకా తెల్లటి ప్లాస్టిక్ పొర అంటుకునే ఉండేది, గీతలు పడకుండా కంపెనీవాళ్లు వేసేది. దాని మీద రాసిన అక్షరాలు చూసి ఆవిడ ఒకరోజు అడిగింది.

“ఇదేటి పాపా, పేపరు అతికిస్తన్నారా గోడకి?”

“పేపరు కాదప్పా. అది తీస్తే లోపల అద్దంలా ఉంటుంది. నీ కొట్టు మొత్తం అందులో కనిపిస్తుంది.”

“నా కొట్టు నాకెందుకు సూడ్డం? రోజూ సూస్తన్నదేగా,” అంది అట్టు తిరగేస్తూ. “ఎండ పడితే ఏటవుతాది మరి?”

“ఇంకా మెరుస్తుంది,” అన్నాను గర్వంగా.

కార్తీక మాసంలో మంచి రోజు చూసి షోరూం తెరిచారు. బాజాలు మోగుతుండగా షీట్ల మేస్త్రి పైనుంచి ప్లాస్టిక్ పొర లాగుతూ వచ్చాడు. లోపలి నుంచి వెండి బయటపడింది. రోడ్డు మీద జనం నోరు తెరిచారు. లారీలు ఆగాయి. ఆడవాళ్లు ఆ గోడ ముందు నిలబడి కొప్పులు సర్దుకున్నారు, ఒకాయన జేబులోంచి దువ్వెన తీశాడు. వంపు వల్ల మనుషులు అందులో పొడుగ్గా, సన్నగా కనిపించేవారు. అదొక్కటే చాలు, లావుగా ఉన్నవాళ్లంతా రెండుసార్లు వచ్చారు. అట్లప్ప కూడా రోడ్డు దాటి వచ్చి చూసుకుని, “నా పెళ్లినాడు ఇలాగుండీదాన్ని,” అని నవ్వి, నా చేతిలో పునుగుల పొట్లం పెట్టి వెళ్లింది. ఆ రోజు తీసుకున్న ఫోటో చాలాకాలం నా ఫోను తెర మీద ఉండేది. చుట్టాలందరికీ పంపాను. బాగుందని రాయనివాళ్లకి మళ్లీ పంపాను.

చలికాలమంతా ఏ గొడవా లేదు. ఆ రోజుల్లో సాయంత్రం పూట ఎండ గోడ మీద పడి, వెనక్కి మళ్లి, అట్లప్ప కొట్టు పక్కనున్న ఖాళీ స్థలంలో తుప్పల మీద పడేదని, అక్కడ తుప్పలు ఎందుకో ముందే ఎండిపోయాయని తర్వాత తెలిసింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే చోట దిగడన్న సంగతి నేను ఐదో తరగతిలో చదివి, పరీక్షలో రాసి, అక్కడే వదిలేసి వచ్చాను.

శివరాత్రి వెళ్లాక ఒక మధ్యాహ్నం మావయ్య ఫోను.

“ఏటే గుంటా, ఓపాలి వచ్చి ఎల్లు. మన బిల్డింగు శానా గట్టిగా మెరిసిపోతంది.”

“మంచిదే కదా మావయ్యా.”

“మంచిదేలే. అట్లప్ప తిట్టిపోస్తంది, అదే.”

మర్నాడు రెండు గంటల బస్సుకి దిగాను. మూడు దాటేసరికి నా కళ్లెదుటే జరిగింది. గోడ వంపులో పడిన ఎండ అంతా ఒక్కచోటికి చేరి, రోడ్డుకి అడ్డంగా ఒక వెడల్పాటి వెలుగు పట్టీలాగా జరుగుతూ జరుగుతూ వచ్చి, సరిగ్గా అట్లప్ప కొట్టులో దూరింది. దూరి అక్కడే కూర్చుంది. పైన సూర్యుడు మామూలుగానే ఉన్నాడు. ఇది రెండో సూర్యుడు, రోడ్డుకి అవతల నేను బిగించినది. లోపల చూస్తే అట్లప్ప నల్ల గొడుగు ఒకటి బల్లకి కట్టుకుని, ఊళ్లో కళ్ల ఆపరేషన్లు చేసినప్పుడు ఇచ్చిన నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, మొహం నిండా చెమటతో అట్టు పోస్తోంది. నవ్వు వచ్చింది. ఆవిడ కళ్లద్దాలు పైకెత్తి చూసేసరికి దాన్ని దగ్గుగా మార్చేశాను.

“వచ్చినావా? కూకో. ఆ కుర్చీలో కాదు, అది వొంగిపోనాది.”

నిజంగానే వంగిపోయింది. వారం కిందట ఒక రిటైర్డ్ మాస్టారు దానిలో కూర్చుని రాజకీయాలు చెబుతుండగా, ఎండకి మెత్తబడ్డ ముందు కాళ్లు రెండూ పక్కలకి జారుకున్నాయట. ఆయన మాట ఆపకుండానే నెమ్మదిగా కిందికి దిగిపోయారట. మర్నాటి నుంచి ఆయన రావడం మానేశారు. ఆయన ఒక్కరే కాదు. పిండి గంట తిరక్కుండా పులిసిపోతోంది. చట్నీ నాలుగింటికి పాసిపోతోంది. పొయ్యి వేడి ఒకపక్క, మా గోడ వేడి ఒకపక్క. తినేవాళ్లు పొట్లం కట్టించుకుని పారిపోతున్నారు, రెండోరోజు అసలు రావడం లేదు. ఆవిడ గిన్నె మూత తీసి చూపించింది. సగం పిండి అలాగే ఉంది.

“ఎప్పుడేనా ఇలాగ మిగిలినాదేటి? నువ్వే సెప్పు పాపా. రెండు నెలలు తిన్నావు కదా.”

రోడ్డు దాటి మావయ్య దగ్గరకి వెళ్లాను. ఆయన ఏసీలో కూర్చుని చీరల మడతలు సరిచేస్తున్నాడు.

“సూరీడు పొద్దు దిగీటప్పుడు ఎండ పడతాది. అది నా తప్పేటి?” అన్నాడు.

“సూర్యుడు మన గోడ మీద పడి అటు వెళ్తున్నాడు మావయ్యా.”

“మరి ఆవిడ కొట్టు అక్కడెందుకు ఎట్టుకున్నాది?”

“ఇరవై ఏళ్ల కిందట పెట్టుకుంది.”

ఆ లెక్కన చూస్తే తప్పు ఎవరిదో ఆయనకీ తెలుసు. కానీ వెండి గోడ ఆయన జీవితంలో మొదటి పెద్ద కోరిక, చూడడానికి పక్క ఊళ్ల నుంచి జనం వస్తున్నారు, పెళ్లి బట్టలకి వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. దాన్ని ముట్టుకుంటే ఒప్పుకోడు. ఇంటికి వెళ్తే మా అమ్మ అంతకన్నా. “మా అన్నయ్య బిల్డింగు పీకించి నువ్వు నాకు పుట్టిల్లు లేకుండా చేస్తావా,” అని ఆ రాత్రి వడ్డించడం మానేసి నా కంచం పక్కనే కూర్చుంది. మర్నాడు ఆఫీసులో సారుకి చెప్పాలని మూడుసార్లు ఆయన గది దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. చెబితే ఉద్యోగం పోతుందని భయం. అంతకన్నా, వంపు తప్పని నా నోటితో అనాలంటే ప్రాణం ఒప్పలేదు. కాబట్టి నేనే గుట్టుగా సరిచేద్దామనుకున్నాను.

మొదట అట్లప్ప కొట్టు ముందు ఆకుపచ్చ నీడ వల కట్టించాను, నర్సరీల్లో కడతారే అది. ఎండ తగ్గింది. కొట్టు లోపల చీకటైంది. రోడ్డు మీద పోయేవాళ్లు కొట్టు మూసేశారనుకుని వెళ్లిపోవడం మొదలుపెట్టారు. ఒకాయనైతే వల పైకెత్తి, లోపల మొక్కలు అమ్ముతున్నారా అని అడిగాడట. మూడో రోజు ఆవిడే దాన్ని విప్పి మడతపెట్టి నా చేతిలో పెట్టింది. “ఎండ నాదా, మీ గోడదా? ఎవల్దయితే వల వాలకే కట్టుకోవాల,” అంది. తర్వాత ల్యాప్‌టాప్‌లో లెక్కలు వేసి, వేసవి ముదిరేకొద్దీ సూర్యుడు జరుగుతాడు కాబట్టి ఆ వెలుగు పట్టీ రెండు నెలల్లో పక్కనున్న మందుల షాపు మీదకి వెళ్లిపోతుందని కనిపెట్టాను. ఇది శుభవార్త అనుకుని అట్లప్పకి చెప్పాను. మందుల షాపాయన అక్కడే నిలబడి అట్టు తింటున్నాడని చూసుకోలేదు. అంతవరకూ మా వైపున్న ఆయన కూడా ఆ క్షణం నుంచి అట్లప్ప వైపు వెళ్లిపోయాడు.

చివరికి మావయ్యే ఒక ఉపాయం చెప్పాడు. వంపు మధ్య భాగం కప్పేలా పెద్ద ఫ్లెక్సీ కట్టిద్దామన్నాడు. షీట్లు పీకక్కర్లేదు, ఎండ ఆగుతుంది. నాకూ బాగానే ఉందనిపించింది. ఫ్లెక్సీ మీద ఏముంటుందో అడగాలన్న తెలివి నాకు లేదు. వెళ్లి చూస్తే రెండంతస్తుల ఎత్తున మావయ్య. నల్ల కళ్లద్దాలు, మెడలో గొలుసు, రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. కింద ‘ఉగాది శుభాకాంక్షలు’. ఆ నవ్వు సూటిగా అట్లప్ప పొయ్యి మీదకే. వారం తిరక్కుండా ఆవిడ నాకు ఫోను చేసింది.

“పాపా, ఎండైనా ఓర్సుకున్నాను గాని, మీ మావ మొకం పొద్దల్లా సూడ్లేను. అట్టు మాడిపోతంది. అది తీయించీ.”

తీయించాల్సిన పని లేకపోయింది. సముద్రం వైపు నుంచి గాలి లేచిన ఒక సాయంత్రం ఫ్లెక్సీ పటపటా కొట్టుకుని మధ్యకి చిరిగింది. మావయ్య కింది సగం ఊడిపోయి కరెంటు తీగకి చుట్టుకుంది. లైన్‌మ్యాన్ వచ్చి ఊరంతా రెండు గంటలు కరెంటు ఆపి దాన్ని దింపాడు. పై సగం గోడకి వేలాడుతూ నవ్వుతూనే ఉంది.

అప్పటికి నాకు పూర్తిగా విసుగు పుట్టింది. శ్రీకాకుళం నుంచి కోటబొమ్మాళి బస్సులో ఎన్నిసార్లు తిరిగానో కండక్టరుకే ఎక్కువ తెలుసు. ఆయన నన్ను చూడగానే, “ఇంకా తగ్గలేదా అమ్మా ఎండ,” అని అడిగేవాడు. మావయ్యకి చెబితే అట్లప్ప మొండిదంటాడు. అట్లప్పకి చెబితే పిండి గిన్నె చూపిస్తుంది. అమ్మకి చెబితే ఏడుస్తుంది. సూర్యుడికి చెప్పే వీల్లేదు. ఇలా ఉండగా అట్లప్ప తగవు ఆపేసింది. ఫోన్లు లేవు, తిట్లు లేవు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అలవాటైపోయి ఉంటుందనుకున్నాను (ఎదుటివాళ్ల బాధ వాళ్లకి అలవాటైపోయిందని అనుకోవడం ఎంత సుఖంగా ఉంటుందో).

అట్లప్పకి అలవాటు కాలేదు. ఆలోచించుకుంది. భావనపాడు నుంచి ఎండుచేపలు తెచ్చి కోటబొమ్మాళిలో అమ్మే ఆడవాళ్లు ఎప్పుడూ ఆవిడ కొట్టు దగ్గరే గంపలు దింపి అలుపు తీర్చుకునేవారు. సరిగ్గా ఎండని చేపలు ముక్కిపోతాయి, వాసనొస్తాయి, రేటు రాదు. ఒకరోజు అట్లప్ప వాళ్లని పిలిచి, తన కొట్టు ముందున్న జాగా చూపించి, “నాకు ఎలాగూ యాపారం లేదు. మూడు నుంచి అయిదు వరకు ఇక్కడ ఎండ కొలిమిలాగుంటాది. పరుసుకోండి,” అందట. వాళ్లలో ఇద్దరు గోనెలు పరిచి నెత్తళ్లు, సావడాలు, చిన్న రొయ్యలు ఆరబోశారు. ఒక్క పూటలో గలగలలాడాయి. మర్నాడు ఇద్దరు కాదు, ఆరుగురు వచ్చారు. ఆ తర్వాత రోజు ఇంకొందరు. సాయంత్రం అయ్యేసరికి గాలి పడమర నుంచి తిరిగిన రోజున ఆ వాసన మొత్తం రోడ్డు దాటి, షోరూం తలుపులు దాటి, ఏసీలో దూరి, పట్టుచీరల మడతల్లో స్థిరపడింది.

ఈసారి ఫోన్లో మావయ్య గొంతు వేరేగా ఉంది.

“బేగి రాయే. పెళ్లోరొచ్చి చీర ఇప్పి సూసి, వాసన సూసి, ముక్కు మూసుకుని ఎల్లిపోనారు. ఏటిది, బట్టల కొట్టా, సేపల సంతా?”

వెళ్లాను. వాసన బస్సు దిగగానే తెలిసింది. మావయ్య కండువా ముక్కుకి కట్టుకుని రోడ్డు మధ్యన నిలబడి ఉన్నాడు. అవతల అట్లప్ప నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది. ఇద్దరి మధ్యా నేను, నా సంచీ.

“నీ కొట్టు ముందు సేపలేటి అప్పా?” అన్నాడు మావయ్య.

“నా కొట్టు ముందే కదా. నీ కొట్టు ముందు ఎయ్యలేదు.”

“వాసన నా కొట్లోకి వస్తన్నాది.”

“వస్తాది మరి. గాలికేటి తెలుసు? అది నా తప్పేటి?” అంది. తర్వాత గొంతు తగ్గించింది. “ఇరవై ఏళ్లు ఎవుల్నీ సెయ్యి సాపకుండా బతికినాను బాబూ. ఈ నెల్లో రెండుసార్లు టెక్కలి మా అమ్మికి ఫోన్ సేసి బియ్యం పంపమన్నాను. సిగ్గేసినాది.”

మావయ్య కండువా ముక్కు మీద నుంచి తీసేశాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఆవిడ కరెంటుతో ఫోను నింపుకుని, ఆవిడ చెప్పులేసుకుని పరంజా ఎక్కి, ఆవిడ నోటి దగ్గర కూడు ఎండబెట్టే గోడ కట్టింది నేను. మావయ్య మెరుపు అడిగాడు. వంపు నాది. ఆ ముక్క అప్పుడే, రోడ్డు మధ్యనే చెప్పేశాను. “తప్పు మావయ్యది కాదప్పా, సూర్యుడిదీ కాదు. వంపు నేను గీశాను. మా సారు వద్దన్నట్టే చూశారు, నేను వినలేదు.” ఇద్దరూ నా వంక చూశారు. అట్లప్ప, “అది నాకెప్పుడో తెల్సు. నువ్వెప్పుడు సెప్తావా అని సూస్తన్నాను,” అంది.

ఆ మర్నాడు సారు గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను, ఉద్యోగం తీసేస్తారనుకున్నాను. ఆయన బల్ల సొరుగులోంచి ఒక సుద్దముక్కల డబ్బా తీసి ఇచ్చారు.

“మూడు రోజులు ఆ కొట్లో కూర్చోండి. పావుగంటకోసారి వెలుగు ఎక్కడుందో నేల మీద గీతలు గీయండి. ఏ షీటు నుంచి వస్తోందో రాసుకోండి. గొడుగు పట్టుకెళ్లకండి.”

గొడుగు పట్టుకెళ్లకుండా మూడు మధ్యాహ్నాలు అట్లప్ప కొట్లో కూర్చున్నాను. మూడు నుంచి అయిదు వరకు. మొదటి రోజే నెత్తి మాడిపోయింది, పెదాలు పగిలాయి, రెండో రోజుకి మెడ మీద చర్మం ఊడింది. ఆ వేడిలో ఆవిడ పొయ్యి ముందు నిలబడి రోజూ ఎలా పనిచేసిందో నాకు అర్థం కాలేదు. నేల నిండా సుద్దగీతలు వేశాను. కొట్టుకొచ్చిన ఒకరిద్దరు ఏదో ముగ్గనుకుని తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్లారు. మూడో రోజు సాయంత్రానికి లెక్క తేలింది: గోడ మొత్తం కాదు, వంపు నడుం దగ్గరున్న రెండు వరసల షీట్లు మారిస్తే చాలు. వాటి స్థానంలో మెరుపు లేని, గాడులు పడిన బూడిద రంగు షీట్లు.

మావయ్య ఒప్పుకున్నాడు. కానీ షీట్లు విప్పుతున్న రోజు ఆయన షోరూంలో నుంచి బయటికి రాలేదు. మధ్యాహ్నం ఒకసారి తలుపు దగ్గర నిలబడి, పైకి చూసి, “నడుమున బెల్టు ఎట్టినట్టుంది,” అని లోపలికి వెళ్లిపోయాడు. మూడు దాటాక ఎండ గోడ మీద పడింది. బూడిద షీట్ల మీద చెల్లాచెదురై పోయింది. రోడ్డుకి అవతల అట్లప్ప నల్ల కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, పొయ్యి వెలిగించింది. చేపల ఆడవాళ్లు గోనెలు పట్టుకుని వచ్చి, ఎండ లేకపోవడం చూసి, ఉసూరుమంటూ నా వంక కోపంగా చూశారు (అందరినీ సంతోషపెట్టే బిల్డింగు నేను ఇంతవరకూ కట్టలేదు).

విప్పిన షీట్లు రోడ్డు పక్కన దొంతరగా పెట్టించాను. అట్లప్ప వచ్చి వాటిలో ఒకటి వేలితో తడిమి చూసింది.

“ఒకటి నాకియ్యి పాపా. పొయ్యెనకాల గోడకి బిగిస్తాను. నూని మరకలు తుడుసుకోడానికి బాగుంటాది.”

“వద్దప్పా,” అన్నాను గబుక్కున. “పైకి రేకులా ఉంటుంది గానీ మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది. మంట దగ్గర పెడితే అంటుకుంటుంది.”

ఆవిడ షీటు కిందపెట్టింది. రోడ్డు అవతల రెండంతస్తుల ఎత్తున నిలబడ్డ షోరూం వంక ఒకసారి చూసింది. మళ్లీ నా వంక చూసింది.

“మరి అంత పెద్ద బిల్డింగుకి, లోపల అన్ని బట్టలెట్టుకుని, ఎలాగ అతికించీసినావు?”

ఆవిడ వెటకారంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. నేను హెల్మెట్ సర్దుకుని, బస్సుకి టైమైందని చెప్పి వెళ్లిపోయాను. బస్సులో పలాస వైపు నుంచి వస్తున్న పెళ్లివాళ్లు పాటలు పాడుతున్నారు. నాకు ఒక్క మాటా వినపడలేదు. ఆ రాత్రి మొదటిసారి ఆ షీట్ల కంపెనీ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. మంటల గురించి రాసింది ఆఖరి పేజీలో, చిన్న అక్షరాల్లో ఉంది. మావయ్య షోరూంకి మెట్ల పక్కన రెండో దారి, ప్రతి అంతస్తులోనూ మంటలార్పే సిలిండర్లు పెట్టించేవరకూ మళ్లీ ఆయన ప్రాణం తీశాను. ఆయన మాత్రం “ముందే సెప్పీవుంటే పెంకులే ఉంచుకుందును” అని ఇప్పటికీ అంటాడు.

ఇప్పుడు విజయనగరంలో నాకు సొంత ఆఫీసు ఉంది. మెరిసే గోడలు అడిగేవాళ్లు రోజూ వస్తారు. నేను కళ్లజోడు తీసి, బూడిద రంగు బాగుంటుందని చెబుతాను, వాళ్లు సన్నాసులం కాదంటారు. పోయిన నెల టెక్కలి వెళ్తూ కోటబొమ్మాళిలో దిగాను. వెండి గోడ మీద నాలుగు వర్షాకాలాల మురికి, పావురాల రెట్టలు, లారీల దుమ్ము. బూడిద బెల్టు ఎక్కడుందో, వెండి ఎక్కడుందో నాకే తెలియలేదు. మావయ్యకి కడిగించే ఓపిక లేదు, ఆ మెరుపు దానంతటదే పోయింది. కొంచెం ఓపిక పట్టి ఉంటే సూర్యుడితో అంత యుద్ధం చేయాల్సిన పనే ఉండేది కాదు. అట్లప్ప కొట్టు ముందు ఆరు కుర్చీలు, ఆరింటిలోనూ మనుషులు. నాకు అట్టు వేస్తూ, పక్కనున్న కొత్తాయనకి నన్ను చూపించి, “ఈ పాపేనండి, ఓపాలి మా కొట్టుకి ఎండ తెచ్చినాది,” అని పరిచయం చేసింది, అదేదో నేను గెలిచిన కప్పు అన్నట్టు. ఆయన గౌరవంగా నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. అంతకన్నా ఏం చేయను? రేకుని చీరలా జార్చగలనని నమ్మి, బస్సు కిటికీలోంచి మెడ సాచి తన గోడని వెనక్కి తిరిగి తిరిగి చూసుకునే ఆ ఇరవై రెండేళ్ల పిల్ల అంటే నాకు ఒళ్లు మంట. ఎదురుగా ఉంటే రెండు తగిలించేదాన్ని. ఆ తర్వాత ఒక ప్లేటు పునుగులు కూడా పెట్టించేదాన్ని.